కవితకు బొమ్మ కదిలితే

ఆధునిక కవితను యానిమేషన్ చిత్రంగా తీసి తెర మీద వేస్తే చూసినవాళ్ల అభిప్రాయాలు తరచూ రెండుగా చీలిపోతాయి. ఇన్నాళ్లకు కవిత అర్థమైందని కొందరు సంతోషిస్తారు. తాము చదువుకున్న కవిత ఇది కాదని కొందరు నొచ్చుకుంటారు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు స్పందనలూ ఒకేచోట పుడతాయి. కవిత చదివేటప్పుడు ప్రతి పాఠకుడూ తన మనసులో ఒక బొమ్మ కట్టుకుంటాడు. సినిమా ఆ బొమ్మను బయటికి తెచ్చి, అందరికీ ఒకే రూపంలో చూపిస్తుంది. అప్పటిదాకా బొమ్మ కట్టుకోలేకపోయినవాడికి అది సాయపడుతుంది. ముందే కట్టుకున్నవాడికి అడ్డుపడుతుంది.

మాటకూ బొమ్మకూ మధ్య ఉండే ఈ పేచీ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లకు బాగా దగ్గరిది. బొమ్మ చూపిస్తూ కథ చెప్పే సంప్రదాయమూ, బొమ్మ లేకుండా రాత్రంతా కథ వినిపించే సంప్రదాయమూ ఈ ప్రాంతంలో పక్కపక్కనే బతికాయి. కవితనూ చిత్రాన్నీ ఒకే చేత్తో గీసిన అలిశెట్టి ప్రభాకర్‌ది ఈ నేలే. వచన కవితలో మహాకావ్యం రాసిన సి. నారాయణరెడ్డిదీ ఈ నేలే. ప్రేక్షకుడు బొమ్మను ఎప్పుడు ఒప్పుకుంటాడు, ఎప్పుడు కాదంటాడు అన్న ప్రశ్నకు ఇక్కడి అనుభవంలో మంచి ఆధారాలు దొరుకుతాయి.

పటం ముందు కూర్చున్న ఊరు

తెలంగాణలో పటం కథలు చాలా పాతవి. చేర్యాల నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేపథ్యంలో కథంతా గడులు గడులుగా గీస్తారు. పటం గజం దాకా వెడల్పు, పదుల అడుగుల పొడవు ఉంటుంది. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే హక్కు ఉన్న ఆశ్రిత కులం వేరుగా ఉంటాయి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం వినిపిస్తారు. సిరిసిల్ల వంటి నేతగాళ్ల ఊళ్లలో ఈ పటమే ఒకనాటి తెర.

కథ నడిచే తీరును కాస్త దగ్గరగా చూడాలి. చుట్టిన పటాన్ని కథకుడు ఒక్కో గడీ కనిపించేటట్టు విప్పుతాడు. చేతిలో ఉన్న పుల్లతో బొమ్మను తాకి చూపిస్తాడు. పక్కవాళ్లు వంత పాడతారు, వాయిద్యం మోగుతుంది. బొమ్మ మాత్రం కదలదు. యుద్ధమైనా పెళ్లయినా గీసినచోటే నిలబడి ఉంటుంది. కదలికంతా గొంతులోనే ఉంటుంది. కథకుడు ఒక గడి దగ్గర ఆగి, పాట లాగి, జనం ముఖాలు చూసి ముందుకు పోతాడు. జనం మధ్యలో ఏదైనా అడిగితే జవాబు చెబుతాడు.

అందుకే బొమ్మ తాము అనుకున్నట్టు లేదన్న పట్టింపు పటం ముందు కూర్చున్నవాళ్లకు రాదు. కథ వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. అది వాళ్ల కులదేవుడి కథ, వాళ్ల వంశం కథ. బొమ్మ గుర్తు చేస్తుంది, గొంతు నడిపిస్తుంది, మిగిలింది విన్నవాడి మనసు నింపుకుంటుంది. పాతబడ్డ పటాన్ని పారేయకుండా పూజ చేసి నదిలో కలపడం ఆనవాయితీ. చూసినవాళ్లకు ఆ బొమ్మ మీద ఎంత గౌరవమో ఈ ఒక్క ఆచారంతో తెలుస్తుంది.

ఆదిలాబాద్ అడవుల వైపు వెళితే రెండో సంప్రదాయం కనిపిస్తుంది. ఉట్నూరు, జైనూరు ప్రాంతాల గోండు గూడేల్లో పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ గోండుల దేవతల పుట్టుకను, వంశాల కథలను గానం చేస్తారు. ఇక్కడ పటం లేదు. దేవుడు ఏ రంగులో ఉన్నాడో, కథలోని గుహ ఎంత లోతుందో విన్నవాళ్లే ఊహించుకోవాలి. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ గాథలను నమోదు చేశాడు. బొమ్మ లేకపోవడం ఈ కథలకు లోటు కాలేదు. ఒకే పాట విన్న వందమంది వంద బొమ్మలతో ఇళ్లకు పోతారు. ఆధునిక కవిత పాఠకుడి స్థితి పటం చూసేవాడి కంటే ఈ శ్రోత స్థితికే దగ్గర.

ఫోటో స్టూడియోలో పుట్టిన కవిత

జగిత్యాలలో 1954 జనవరి 12న పుట్టిన అలిశెట్టి ప్రభాకర్ మొదట చిత్రకారుడు. పత్రికలకు పండుగల బొమ్మలు, ప్రకృతి దృశ్యాలు, సినిమా నటుల బొమ్మలు వేసేవాడు. జగిత్యాలలోని సాహితీ మిత్ర దీప్తి సంస్థతో కవిత్వంలోకి వచ్చాడు. బతుకుతెరువు కోసం 1976లో జగిత్యాలలో స్టూడియో పూర్ణిమ, 1979లో కరీంనగర్‌లో స్టూడియో శిల్పి, 1983లో హైదరాబాద్‌లో స్టూడియో చిత్రలేఖ పెట్టాడు. ‘ఎర్ర పావురాలు’, ‘మంటల జెండాలు’, ‘చురకలు’, ‘రక్తరేఖ’ ఆయన సంపుటాలు. ఆంధ్రజ్యోతి దినపత్రికలో ‘సిటీ లైఫ్’ పేరుతో ఆరేళ్లు చిన్న కవితలు రాశాడు. క్షయవ్యాధితో 1993 జనవరి 12న, సరిగ్గా తన పుట్టినరోజునే, 39 ఏళ్లకు చనిపోయాడు.

ఆయన తన కవితలకు తానే బొమ్మలు గీసి ప్రదర్శనలు పెట్టేవాడు. పుస్తకం కొనలేనివాడు, సాహిత్య సభకు రానివాడు కూడా నిలబడి చూడగలిగే కవిత్వం అది. నాలుగైదు పంక్తులు, పక్కన ఒక చిత్రం, చూడటానికి అర నిమిషం. ఆ అర నిమిషంలో చూసినవాడి లోపల ఏదో ఒకటి కదలాలి.

ఆయన చిన్న కవితల కట్టుబాటు ఫోటోగ్రాఫర్ చూపుతో వచ్చింది. ఫోటో తీసేవాడు ముందు ఏది ఫ్రేములో ఉండకూడదో నిర్ణయించుకుంటాడు. ప్రభాకర్ కూడా ఆకలి, ఎన్నికలు, నగరం, ఒళ్లమ్ముకునే స్త్రీ బతుకు వంటి పెద్ద విషయాలను ఒకే దృశ్యానికి కుదించి, మిగతాదంతా బయట వదిలేశాడు. ఆ వదిలేసిన భాగాన్ని చూసినవాడు పూరించుకుంటాడు. కవితకు బొమ్మ జోడించి కూడా ఖాళీ మిగల్చవచ్చని ఆ పద్ధతి చెబుతుంది.

బొమ్మకు లొంగని కావ్యం

వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి ‘విశ్వంభర’ 1980లో వచ్చింది. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకుంది. అయిదు భాగాల ఈ వచన కావ్యంలో నాయకుడు మనిషి, రంగస్థలం భూమి. పాత్రలకు పేర్లు లేవు, కథ ఒక ఊళ్లో ఒక కాలంలో జరగదు. మనిషి ఆదిమ దశ నుంచి కళ, విజ్ఞానం, ఆధ్యాత్మికత వైపు సాగే ప్రయాణమే వస్తువు.

ఇలాంటి కావ్యాన్ని గీయబోయే చిత్రకారుడికి మొదటి అడుగులోనే చిక్కు ఎదురవుతుంది. మనిషి అన్నచోట ఏ మనిషిని గీయాలి? ముఖం గీస్తే అతడు ఒక కులంవాడో, ఒక దేశంవాడో, ఒక వయసువాడో అయిపోతాడు. ముఖం లేకుండా గీస్తే ప్రేక్షకుడికి పట్టు దొరకదు. పద్మశాలీల పురాణంలోని భావనాఋషిని గీయడానికి నకాశీ చిత్రకారుడికి వేషం, రంగు, ఆయుధం అన్నీ పరంపరగా వచ్చాయి. వచన కవితకు అలాంటి పరంపర లేదు. ప్రతి గీతనూ కొత్తగా కనిపెట్టాలి. నారాయణరెడ్డి 1962లో ‘గులేబకావళి కథ’తో సినిమా పాటల రచన మొదలుపెట్టి దశాబ్దాల పాటు తెర కోసం రాశాడు. సన్నివేశానికి కట్టుబడి పాట ఎలా రాయాలో తెలిసిన మనిషే, ఏ సన్నివేశానికీ కట్టుబడని కావ్యం రాయడానికి వచన కవితను ఎంచుకున్నాడు.

బయటి ప్రపంచపు అనుభవం

అమెరికా కవి అలెన్ గిన్స్‌బర్గ్ ‘హౌల్’ అనే దీర్ఘ కవితను 1955లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటిసారి చదివాడు. 1956లో అది పుస్తకంగా వచ్చింది. 1957లో అశ్లీలమన్న ఆరోపణతో కోర్టుకెక్కి గెలిచింది. రాబ్ ఎప్‌స్టీన్, జెఫ్రీ ఫ్రైడ్‌మన్ అదే పేరుతో తీసిన సినిమా 2010లో విడుదలైంది. అందులో కవిత చదివే భాగాలకు ఎరిక్ డ్రూకర్ రూపకల్పనతో యానిమేషన్ చేశారు. డ్రూకర్ పరాయివాడు కాదు. గిన్స్‌బర్గ్ బతికుండగానే అతని కవితలకు బొమ్మలు గీసి, ఇద్దరూ కలిసి 1996లో పుస్తకం తెచ్చారు.

అయినా సినిమాలో ఎక్కువ విమర్శ ఎదుర్కొన్నది ఆ యానిమేషనే. కోర్టు సన్నివేశాలు, కవి మాటలు బాగున్నాయన్న సమీక్షకుల్లో చాలామంది బొమ్మలు కవితను మరీ సూటిగా, పదానికి పదంగా చూపించాయన్నారు. కవిత వేడిని కొత్త తరానికి అందించాయని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కవితో కలిసి పనిచేసిన చిత్రకారుడు గీసినా పాఠకుడి మనసులోని బొమ్మతో పోటీ తప్పలేదు.

ఖలీల్ జిబ్రాన్ ‘ది ప్రాఫెట్’ 1923 నాటి పుస్తకం. కాళోజీ నారాయణరావు దీన్ని ‘జీవన గీత’గా తెలుగులోకి తెచ్చాడు కాబట్టి తెలంగాణ పాఠకులకు ఇది సొంత పుస్తకం లాంటిదే. సల్మా హయెక్ నిర్మాణంలో 2014లో దీన్ని యానిమేషన్ చిత్రంగా తీశారు. రోజర్ అలర్స్ ఒక కథను అల్లి అన్నింటినీ కలిపాడు. పుస్తకంలోని ఎనిమిది భాగాలను మాత్రం వేర్వేరు దేశాల దర్శకులు ఎవరి శైలిలో వాళ్లు చిత్రించారు. విమర్శకుల్లో ఎక్కువమంది కలిపే కథ కంటే ఆ విడి భాగాలనే ఇష్టపడ్డారు. ఒక భాగం నీటిరంగుల్లా, మరొకటి నీడబొమ్మల్లా సాగడంతో ఏ ఒక్క బొమ్మా ఇదే కవిత అని పట్టుబట్టలేదు. చూసినవాడికి తన సొంత బొమ్మను ఉంచుకునే వీలు దొరికింది.

చూసేవాడు ఏం అడుగుతాడు

ఈ స్పందనల వెనుక నాలుగు కారణాలు కనిపిస్తాయి. మొదటిది వేగం. చదివేవాడు నచ్చినచోట ఆగుతాడు, వెనక్కి వెళ్తాడు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 1,440 ఫ్రేములతో ఆగకుండా పోతుంది. ఒక పదచిత్రం మనసులో దిగేలోపే తర్వాతది వచ్చి మీద పడుతుంది.

రెండోది గొంతు. కవిత చదివే మనిషి యాస, ఊపిరి, విరుపు నచ్చితే ప్రేక్షకుడు బొమ్మల్లోని లోపాలు మన్నిస్తాడు. 1981లో వచ్చిన కె. బాలచందర్ ‘ఆకలి రాజ్యం’లో శ్రీశ్రీ కవితలకు ఎవరూ బొమ్మలు గీయలేదు. ఉద్యోగం లేక పస్తులుంటున్న యువకుడి పాత్రలో కమల్ హాసన్ వాటిని చెప్పాడు. కవితకు పక్కన ఒక బతుకు నిలబడింది. పుస్తకం తెరవని కుర్రాళ్లకు కూడా ఆ కవితలు నోటికి వచ్చాయి.

మూడోది పరిచయం. పటం కథలో కథ ముందే తెలుసు. కవిత యానిమేషన్ చూసేవాళ్లలో కొందరికి కవిత తెలియదు, కొందరికి కంఠతా వచ్చు. ఇద్దరినీ ఒకే బొమ్మ తృప్తిపరచడం కష్టం.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది, పదానికి పదం గీయడం. ఉదాహరణకు ఒక కవి రోడ్డుకు ఆకలేస్తోందని రాశాడనుకుందాం. రోడ్డుకు నోరు, పళ్లు గీస్తే చూసినవాళ్లు నవ్వుతారు. భావం చచ్చిపోతుంది. కరీంనగర్ బస్టాండు ముందు ఖాళీ గిన్నె పట్టుకున్న పిల్లాణ్ని గీస్తే జాలి పుడుతుంది. కానీ కవి రోడ్డు అన్నాడు, ఆ పదంలోని వింత పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎవరూ లేని రోడ్డును అలాగే చూపించి, గొంతు ఆ మాట చెప్పాక రెండు క్షణాలు ఏమీ కదలకుండా ఉంచితే, ఆకలిని ప్రేక్షకుడే ఆ రోడ్డు మీదికి తెచ్చుకుంటాడు. మూడు బొమ్మల్లోనూ తక్కువ చూపించేది మూడోదే. కవితకు దగ్గరగా ఉండేదీ అదే.

చూసే పద్ధతి

ప్రేక్షకుడి స్పందన అతడు ఎక్కడ, ఎలా చూశాడన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఒంటరిగా ఫోనులో చూసినవాడు నచ్చిందనో నచ్చలేదనో అనుకుని ముందుకు పోతాడు. నలుగురితో కూర్చుని చూసి మాట్లాడుకుంటే ఎందుకు నచ్చిందో, ఎక్కడ అడ్డుపడిందో బయటికి వస్తుంది. ఆ అలవాటును కరీంనగర్‌కు ఫిలిం సొసైటీ నేర్పింది. దేశదేశాల సినిమాలు తెచ్చి చూపించడం, వాటి గురించి చర్చించుకోవడం ఆ సంస్థ పని. దాన్ని నడిపినవాళ్లలో ముఖ్యుడైన వారాల ఆనంద్ కవి, సినీ విమర్శకుడు. గుల్జార్ కవితలకు ‘ఆకుపచ్చ కవితలు’ పేరుతో ఆయన చేసిన అనువాదానికి 2022 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. కవిత్వం చదివేవాళ్లూ సినిమా చూసేవాళ్లూ ఒకే గదిలో కలిసే ఇలాంటి చోట కవితా యానిమేషన్‌కు సరైన ప్రేక్షకులు దొరుకుతారు.

బళ్లలో, కాలేజీల్లో చూపించేవాళ్లు వరుస పాటిస్తే మేలు. ముందు కవితను గట్టిగా చదివి, పిల్లల్ని ఎవరికి తోచిన బొమ్మ వాళ్లను గీయమనాలి. ఆ తర్వాత చిత్రం చూపించాలి. చివర మళ్లీ కవిత చదవాలి. అలా చూసినవాళ్లకు చిత్రం కవిత స్థానాన్ని ఆక్రమించదు. తమ బొమ్మల పక్కన ఒక కళాకారుడు గీసిన మరో బొమ్మగా నిలుస్తుంది. అప్పుడు నచ్చలేదన్న మాటకు కూడా విలువ వస్తుంది, ఎందుకంటే ఆ మాట అన్నవాడికి కవిత గురించి తనదైన ఊహ ఒకటి ఉంది. కవిత్వానికి కావలసిన పాఠకుడు అతడే.