గాలికి అడ్డు.. చెమటకు దారి!

* పరుగుకూ, రోజువారీ వాడకానికీ పనికొచ్చే జర్కిన్ ఎలా ఉండాలి?
* మందం చూసి కొంటే చెమటతో తడిసేది మనమే

మత్తిగిరి: తెల్లవారుజామున అయిదున్నర. పశువుల ఫారం మీదుగా వచ్చే గాలి ముఖానికి కొడుతుంటుంది. రోడ్డు వారగా పోలీసు ఎంపికలకు సిద్ధమయ్యే కుర్రాళ్లు పరుగు తీస్తుంటారు. వాళ్ల పక్కనుంచే హోసూరు సిప్‌కాట్‌లో మొదటి షిఫ్టుకు పోయేవాళ్ల బైకులు దూసుకుపోతుంటాయి. ఇద్దరి ఒంటి మీదా ఉండేది జర్కినే. దుకాణంలో ఇద్దరూ ముందుగా చూసేది కూడా ఒకటే.. బట్ట మందంగా ఉందా, లేదా అని. అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ ప్రాంతపు చలికి కావలసింది మందం కాదు. గాలిని ఆపి, చెమటను బయటికి పంపే పలుచని బట్ట. దాన్నే విండ్‌చీటర్ అంటారు.

హోసూరు, మత్తిగిరి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. తళి వైపు పోతే ఇంకాస్త ఎత్తు. కృష్ణగిరి బాగా పల్లం. ఇక్కడ స్వెట్టరు వేసుకుని బస్సెక్కినవాళ్లు శూలగిరి దాటి కృష్ణగిరిలో దిగేసరికి దాన్ని చేతబట్టుకుని తిరగాలి. పొద్దున వణికించి, పది గంటలకల్లా ఎండ కాసే ఊళ్లు ఇవి. అందుకే వేసుకోవడం ఎంత సులువో, తీసి మడిచి సంచిలో వేసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి.

చలి కంటే గాలే ఎక్కువ

ఒంటిని ఆనుకుని వెచ్చని గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎదురుగాలి దాన్ని ఎగరగొట్టేస్తుంది. అప్పుడే వణుకు పుడుతుంది. అమెరికా, కెనడా వాతావరణ విభాగాలు 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం.. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 50 కి.మీ. గాలి తగిలితే 5, 6 డిగ్రీల చలి ఉన్నట్టు ఉంటుంది. బైకు మీద పోయేవాళ్లకు తగిలేది అదే. అదే చలిలో గంటకు 10 కి.మీ. వేగంతో పరుగెత్తేవాళ్లకు 8, 9 డిగ్రీలుగా తోస్తుంది. పైగా పరుగెత్తేవాళ్ల ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. బైకు మీద కూర్చున్నవాళ్లకు ఆ వేడి ఉండదు.

అంటే ఒకరికి గాలి పూర్తిగా ఆగాలి. ఇంకొకరికి కొంచెం ఆగితే చాలు, చెమట బయటికి పోవాలి. రెండు పనులకూ ఒకే జర్కిన్ కొనేవాళ్లు ముందు భాగం నేత బిగువుగా ఉండి, చంకల్లోనో వీపు మీదో జాలీ గుడ్డగానీ, గాలి పోయే సందుగానీ ఉన్నది ఎంచుకోవాలి.

మూడూ ఒకటి కాదు

స్వెట్టరు వేడిని నిలుపుతుంది, కానీ ఈదురుగాలి దాని అల్లికలోంచి దూరిపోతుంది. రెయిన్‌కోటు గాలినీ, వాననూ ఆపుతుంది, చెమటను కూడా లోపలే ఆపేస్తుంది. విండ్‌చీటర్ ఈ రెండింటికీ మధ్యరకం. గాలిని ఆపుతుంది, తుంపరను కొంతసేపు జారవిడుస్తుంది, జడివానకు మాత్రం తడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో దీన్ని నమ్ముకుని షిఫ్టుకు బయల్దేరకూడదు. బైకు డిక్కీలో రెయిన్‌కోటు వేరుగా ఉండాల్సిందే.

ఊది చూడండి

చీటీ మీద ఏమి రాసినా, దుకాణంలోనే చేసుకోగల పరీక్షలు కొన్ని ఉన్నాయి.

* బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. గాలి బొత్తిగా అవతలికి పోకపోతే లోపల ప్లాస్టిక్ పూత ఉన్నట్టే. పరుగుకు అది పనికిరాదు. సులువుగా పోతే బైకు మీద చలి ఆగదు. కష్టం మీద కొంచెం పోతే మన పనికి సరిపోతుంది.
* లోపలివైపు తిప్పి చూడండి. మెరిసే పూత ఉంటే కొన్నేళ్లకు జిగటపడి పొరలుగా ఊడే అవకాశముంది.
* దుకాణదారు ఒప్పుకుంటే రెండు చుక్కల నీళ్లు వేయండి. ముత్యంలా నిలిచి జారితే నీటిని తోసే పూత ఉన్నట్టు. ఇంకిపోతే లేనట్టు.
* వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి. నడుము బయటపడకూడదు. బైకు హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపితే మణికట్టు కనబడకూడదు.
* జిప్పు మెడ నుంచి కింది దాకా పూర్తిగా ఉండాలి. పరుగులో వేడెక్కితే సగం తెరుచుకోవచ్చు. పై కొసన గడ్డానికి గీసుకోకుండా గుడ్డ మడత ఉందో లేదో చూడాలి.
* టోపీ ఉంటే తీసేయడానికో, చుట్టి కట్టడానికో వీలుండాలి. లేకుంటే పరుగులో వెనక నుంచి టపటపా కొట్టుకుంటుంది.

పరుగుకు పనికొచ్చే విండ్‌చీటర్ బరువు సాధారణంగా 100 నుంచి 150 గ్రాములు ఉంటుంది. మడిస్తే దాని జేబులోనే పట్టేవీ ఉన్నాయి.

ముల్లు గీసుకున్నా చిరగకుండా

హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటల్లో తెల్లవారకముందే పూలు కోస్తారు. పలుచని నైలాన్ ముల్లుకు ఇట్టే చిక్కుకుంటుంది. 'రిప్‌స్టాప్' అని రాసి ఉన్న బట్టలో సన్నని గళ్లు కనబడతాయి. ఆ గళ్ల దగ్గర దారం గట్టిగా ఉంటుంది గనుక చిరుగు మొదలైనా అక్కడితో ఆగుతుంది. పారాచూట్ బట్టగా పేరుపడ్డ నేత ఇదే.

చీటీ మీద 'డి' అక్షరంతో ఉండే అంకె దారం మందాన్ని చెబుతుంది. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ బట్ట పలుచన, తేలిక. 20 నుంచి 40 వరకు ఉన్నది రెండు పనులకూ నిలుస్తుంది. ఒక్క సంగతి మరవొద్దు. ఇది చలిగాలిని ఆపే బట్టే తప్ప బైకు మీంచి పడితే కాపాడే జాకెట్టు కాదు. పొయ్యి దగ్గరా, బీడీ నిప్పు దగ్గరా జాగ్రత్త. నైలాన్ అయినా పాలిస్టర్ అయినా వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది.

నలుపు వద్దు

మురికి కనబడదని ఎక్కువమంది నలుపు, ముదురు నీలం కొంటారు. మసక వెలుతురులో దేన్‌కనికోట రోడ్డు మీద లారీ నడిపే మనిషికి ఆ రంగులు కనబడవు. నిమ్మపసుపు, నారింజ రంగులు తెల్లవారేవేళ దూరం నుంచే తెలుస్తాయి. చిమ్మచీకట్లో మాత్రం ఏ రంగూ అక్కరకు రాదు. హెడ్‌లైటు పడగానే మెరిసే పట్టీ ఒకటే కాపాడుతుంది. అది వీపు మీదా, చేతుల మీదా ఉండాలి. నచ్చిన జర్కిన్‌కు పట్టీ లేకపోతే విడిగా కొని కుట్టించుకోవచ్చు.

పరుగయ్యాకే అసలు పని

పరుగు మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. వెచ్చగా ఉందంటే పది నిమిషాల్లో ఉడికిపోతారు. ఒళ్లు వేడెక్కాక విండ్‌చీటర్ తీసి నడుముకు కట్టుకోవాలి. పరుగు ఆగగానే, చెమట ఆరకముందే మళ్లీ తొడుక్కోవాలి. తడిసిన బనీనుతో బైకెక్కి ఇంటికి పోయేటప్పుడే వణుకు పట్టుకుంటుంది. లోపల నూలు బనీను ఉంటే చెమటను పీల్చుకుని తడిగానే ఉంటుంది. త్వరగా ఆరే పాలిస్టర్ టీషర్టు మేలు.

తమిళనాడు పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్లు 1,500 మీటర్లను 7 నిమిషాల్లో పరుగెత్తాలి. అలాంటి రోజున మైదానంలో ఒళ్లు వేడి చేసుకునేదాకా ఇది ఉండాలి. పిలుపు రాగానే తీసేయాలి.

చెమట పడితే బరువు తగ్గదు

ఎక్కువ చెమట పడితే కొవ్వు కరుగుతుందని ప్లాస్టిక్ పూత జర్కిన్ బిగించుకుని పరుగెత్తేవాళ్లు ఉన్నారు. పోయేది నీరే, కొవ్వు కాదు. రెండు గ్లాసులు తాగితే ఆ బరువు తిరిగొస్తుంది. ఈలోగా ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు పోటీకి ముందు బరువు తగ్గించుకోవాలని ఆవిరి పోనివ్వని దుస్తుల్లో కసరత్తు చేస్తూ, నెల రోజులు గడిచాయో లేదో, ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కళాశాల క్రీడల సంఘం అలాంటి దుస్తులను నిషేధించింది. తల తిరగడం, ఒళ్లు కాలిపోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే జర్కిన్ విప్పి, నీడలో కూర్చోబెట్టి, ఒంటిని తడిపి ఆస్పత్రికి చేర్చాలి.

రూ.2,500 గీత

2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 వరకు ధర ఉన్న దుస్తులపై జీఎస్టీ 5 శాతం. ధర అది దాటితే 18 శాతం. ఆ గీత మీదున్న జర్కిన్ కొనేవాళ్లు బిల్లు చూసుకుని కొనడం మంచిది. పేరున్న కంపెనీ గుర్తు కంటే పైన చెప్పిన పరీక్షలకు నిలిచిందా అన్నదే ముఖ్యం.

ఉతికేటప్పుడు చన్నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు. బ్లీచింగ్ వద్దు. బట్టలు మెత్తబడేందుకు కలిపే ద్రవాలు అసలే వద్దు, నీటిని తోసే గుణం పోతుంది. పిండకుండా నీడలో ఆరేయాలి. చెమట పట్టిన జర్కిన్‌ను బైకు డిక్కీలో కుక్కి మూడు రోజులు మరిచిపోతే ఎంత మంచి బట్టయినా కంపు కొట్టక మానదు.