అమ్మమ్మ ఫొటోకి ఏ లెన్సు?

జూమ్ కొనాలా, ప్రైమ్ కొనాలా? కెమెరా కొన్న ప్రతి ఇంట్లోనూ రెండో నెలకల్లా వచ్చే ప్రశ్న ఇది. దుకాణంలో అడిగితే ఒకటి చెబుతారు. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ని అడిగితే ఇంకొకటి చెబుతారు. అసలు జవాబు మాత్రం ఎవరి ఫొటో తీస్తారు, ఎంత దూరంలో నిలబడి తీస్తారు అన్నదాంట్లోనే ఉంది.

ఇంట్లో పెద్దవాళ్లు పోయారు. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఆల్బం, గృహప్రవేశం సీడీ, అందరి ఫోన్లలోని వేలకొద్దీ ఫొటోలు... అన్నీ తిరగేస్తారు. ఒకదాంట్లో కళ్లు మూసుకుని ఉంటారు. ఇంకోదాంట్లో సగం మొహానికి ఎవరిదో భుజం అడ్డం. చివరికి ఆధార్ కార్డు కోసం తీసిన ఫొటోనో, పాతికమంది గుంపులోంచి కత్తిరించిన ముఖాన్నో పెద్దది చేయించి గోడకు తగిలిస్తారు. దండ వేసేటప్పుడల్లా 'ఇది అచ్చం మా అమ్మలా లేదే' అన్న వెలితి మిగిలిపోతుంది.

ఫొటోలు లేక కాదు... ఆ మనిషి ముఖాన్ని కాస్త తీరిగ్గా, శ్రద్ధగా తీసిన ఫొటో ఒక్కటీ లేకపోవడం వల్ల! పోర్ట్రెయిట్ అంటే ఆ ఒక్క ఫొటోనే. దానికి ఏ లెన్సు మంచిదో చూద్దాం.

రెండింటికీ తేడా ఏమిటి?

కెమెరాతోపాటు ఇచ్చే మామూలు లెన్సు 18-55 ఎంఎం జూమ్. రింగు తిప్పితే వెడల్పాటి దృశ్యం నుంచి దగ్గరి ముఖం దాకా వెళ్లొచ్చు. ప్రైమ్ లెన్సులో ఆ వీలు లేదు. 50 ఎంఎం అంటే ఎప్పటికీ 50 ఎంఎమ్మే. ముఖం పెద్దగా కావాలంటే రెండడుగులు ముందుకు, చిన్నగా కావాలంటే రెండడుగులు వెనక్కి... మనమే నడవాలి.

అలాంటప్పుడు ప్రైమ్ ఎందుకంటారా? ఒకే పని చేయాలి కాబట్టి దాన్ని చిన్నగా, తేలిగ్గా, ఎక్కువ వెలుతురు పట్టేలా తయారుచేయొచ్చు. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు చాలా కంపెనీల్లో రెండొందల గ్రాములు కూడా తూగదు. ధర కూడా ఆ కంపెనీ లెన్సుల్లో తక్కువవాటిల్లోనే ఉంటుంది.

చరిత్ర చూసినా పోర్ట్రెయిట్‌కి మొదటి చుట్టం ప్రైమే. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో లెన్సులు వెలుతురును తక్కువగా పట్టేవి. ముఖం ఫొటో కోసం మనిషి చాలాసేపు కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. వియన్నాలో గణితం బోధించే ప్రొఫెసర్ జోసెఫ్ పెట్జ్‌వాల్ 1840లో ప్రత్యేకంగా పోర్ట్రెయిట్ల కోసమే ఓ లెన్సు రూపొందించాడు. దాని అపర్చర్ సుమారు ఎఫ్ 3.6. అప్పటి లెన్సులతో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురు. 35 ఎంఎం స్టిల్ కెమెరాలకు మొదటి జూమ్ రావడానికి ఆ తర్వాత 119 ఏళ్లు పట్టింది. అదే 1959లో వచ్చిన ఫోక్ట్‌లాండర్ జూమర్.

ముక్కు ఎందుకు పెద్దదవుతుంది?

'వైడ్ లెన్సుతో తీస్తే ముఖం వికారంగా వస్తుంది' అంటారు. నిజానికి తప్పు లెన్సుది కాదు, దూరానిది.

ముక్కు కొనకూ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుందనుకోండి. కెమెరాను ముక్కుకు 40 సెంటీమీటర్ల దూరంలో పెడితే చెవి 52 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే చెవితో పోలిస్తే ముక్కు 30 శాతం పెద్దగా పడుతుంది! అదే కెమెరా మీటరున్నర దూరంలో ఉంటే ఆ తేడా 8 శాతానికి తగ్గిపోతుంది. మనం ఎదుటివారితో మాట్లాడేటప్పుడు కూర్చునే దూరం కూడా ఇంచుమించు అంతే. మన కళ్లకు అలవాటైన ముఖం అదే కాబట్టి ఫొటో కూడా 'అచ్చం మా అమ్మలాగే' ఉంటుంది.

జూమ్‌తో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. నిలబడ్డచోటే నిలబడి రింగు తిప్పితే ముఖం ఫొటోలో పెద్దదవుతుంది, చిన్నదవుతుంది. ముక్కూ చెవుల లెక్క మాత్రం మారదు. అది మారాలంటే కాళ్లు కదలాలి. 18 ఎంఎం దగ్గర పెట్టుకుని ముఖం మీదకు వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. 50 ఎంఎం ప్రైమ్ ఆ అవకాశమే ఇవ్వదు. మామూలు డీఎస్ఎల్ఆర్లలో ఉండే చిన్న సెన్సర్‌తో, కెమెరాను నిలువుగా పట్టుకుని తల, భుజాలు వచ్చేలా తీయాలంటే అదే మిమ్మల్ని మీటరున్నర దూరానికి తీసుకెళ్లి నిలబెడుతుంది. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో ఈ పని 85 ఎంఎం చేస్తుంది.

ట్యూబులైటు వెలుతురులో...

మన ఇళ్లలో ఫొటోలు తీసేది ఎక్కువగా సాయంత్రాలే. వెలుతురు ట్యూబులైటుదే. 18-55 జూమ్‌ను ముఖం దాకా తెస్తే దాని అపర్చర్ ఎఫ్ 5.6కి పడిపోతుంది. 50 ఎంఎం ప్రైమ్ ఎఫ్ 1.8 దగ్గర దానికి దాదాపు పదింతలు వెలుతురు పట్టుకుంటుంది. జూమ్‌తో సెకనులో పదిహేనో వంతు పట్టే ఫొటో ప్రైమ్‌తో నూట యాభయ్యో వంతులో అయిపోతుందన్నమాట. జూమ్ లెన్సుల్లోని స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపగలదు కానీ తాతయ్య తల ఊపడాన్నీ, బుజ్జిగాడి కేరింతల్నీ ఆపలేదు కదా!

అయితే ఒక జాగ్రత్త. ఎఫ్ 1.8లో మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే మందం సుమారు మూడు సెంటీమీటర్లే. కన్ను బాగా వస్తే చెవి మసకబారుతుంది. తల కాస్త పక్కకు తిప్పితే రెండో కన్ను కూడా మసకే. అందుకే వెలుతురు ఉన్నప్పుడు ఎఫ్ 2.8కో, ఎఫ్ 4కో మార్చి, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ చేయండి. ఎంత మసకబారితే అంత గొప్ప ఫొటో అనుకోనక్కర్లేదు. అమ్మమ్మ కూర్చున్న పాత పడక్కుర్చీ, వెనకున్న తులసికోట కొంచెం గుర్తుపట్టేలా ఉంటేనే ఆ ఫొటోకి అందం.

జూమ్ దండగా?

కానేకాదు. పెళ్లిలో తలంబ్రాలప్పుడు మండపం మీదకు వెళ్లి 'కాస్త జరగండి' అనలేం. పాప కూచిపూడి అరంగేట్రంలో వేదిక ఎక్కలేం. అలాంటిచోట నిలబడ్డ జాగాలోంచే ముఖాన్ని అందుకోవాలంటే జూమ్ ఉండాల్సిందే. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు 24-70, 70-200 ఎంఎం ఎఫ్ 2.8 జూమ్‌లు మోసేది అందుకే.

'వెనకంతా మసకబారాలంటే ప్రైమ్ ఒక్కటే దారి' అన్నది కూడా పూర్తి నిజం కాదు. ఇద్దరు లెన్సులూ ముఖాన్ని ఒకే సైజులో తీసినప్పుడు, దూరంగా ఉన్న నేపథ్యం ఎంత మసకబారుతుందన్నది లెన్సు లోపల తెరుచుకునే రంధ్రం సైజును బట్టి ఉంటుంది. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగిస్తే ఆ సైజు తెలిసిపోతుంది. 50 ఎంఎం ఎఫ్ 1.8కి అది 28 మిల్లీమీటర్లు. 85 ఎంఎం ఎఫ్ 1.8కి 47. అదే 200 ఎంఎం దగ్గర ఎఫ్ 2.8 జూమ్‌కి 71! కాకపోతే పేరున్న కంపెనీల ఆ జూమ్ ధర లక్ష పైమాటే. చాలావాటి బరువు కిలో దాటుతుంది. పైగా అంత పెద్ద లెన్సును ముఖానికి గురిపెడితే కొంగు సవరించుకుని బిగుసుకుపోని అమ్మమ్మ ఎక్కడుంటుంది?

కూర్చునేవారి ఇబ్బంది గురించి మనవాళ్లకు ఏనాడో తెలుసు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఇళ్లవాళ్లు సంకోచం లేకుండా రావాలని దాని నిర్వహణను ఓ మహిళకే అప్పగించాడు. స్టీవ్ మెక్‌కరీ 1984లో పాకిస్థాన్‌లోని శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలిక ఫొటోకి వాడింది 105 ఎంఎం ప్రైమ్. దాన్ని 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వేసింది. ఆ లెన్సు పేరు గుర్తున్నవారు కొద్దిమందే. ఆ చూపు మాత్రం చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు.

కొనేముందు ఓ చిన్న పరీక్ష

డబ్బు పెట్టకముందే మీకేది కావాలో తేల్చుకోవచ్చు. ఉన్న జూమ్ లెన్సును 50 దగ్గర పెట్టి, రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అతికించండి. వారం రోజులు ఇంట్లోవాళ్లందరి ఫొటోలూ అలాగే తీయండి. తర్వాతి వారం 35 దగ్గర పెట్టి తీయండి. ఏ వారం గోడకు వీపు ఆనించాల్సి వచ్చిందో, ఏ వారం ముఖాలు సహజంగా వచ్చాయో మీకే తెలుస్తుంది. ఇప్పటికే తీసినవాటిలో మీకు బాగా నచ్చిన యాభై ఫొటోలను కంప్యూటర్లో తెరిచి వివరాలు చూసినా చాలు. ఏది ఎన్ని ఎంఎంలో తీశారో అక్కడే ఉంటుంది.

తీసేది ఎక్కువగా ఇంట్లోవాళ్లనే అయితే, చిన్న సెన్సర్ కెమెరాకు 50 ఎంఎం ఎఫ్ 1.8 చాలు. అదే కెమెరాకు 85 కొంటే, నడుము దాకా తీయడానికే పన్నెండడుగుల గది ఇరుకైపోతుంది. పెళ్లిళ్లు, స్టేజీ కార్యక్రమాలు, పిల్లల ఆటలపోటీలే ఎక్కువైతే డబ్బును మంచి జూమ్ మీద పెట్టండి. జూమ్ వాడేవారు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ముందు ఎంత దూరంలో నిలబడాలో నిర్ణయించుకోండి, రింగు ఆ తర్వాత తిప్పండి.

కెమెరానే లేదంటారా? ఫోనుతోనూ ఇదే సూత్రం. దాని ప్రధాన లెన్సు బాగా వెడల్పాటిది. దాంతో ముఖం మీదకు వెళ్లకుండా, రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ నొక్కి తీసి చూడండి. తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇవాళ ఆదివారమే కదా! మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టండి. లైట్లు ఆపేసి, మీటరున్నర దూరంలో మీరూ కూర్చోండి. 'నవ్వు అమ్మమ్మా' అనకండి. ఆమె పెళ్లినాటి ముచ్చట ఏదైనా అడగండి. చెబుతూ చెబుతూ కాసేపటికి కెమెరా సంగతి మర్చిపోతుంది. అప్పుడు తీయండి. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి, ఆమె చూసుకునేలా ఇప్పుడే గోడకు తగిలించండి.