కుక్కకు పాస్‌పోర్టు లేదు గానీ, క్యాలెండరు ఉంది

నెల్లూరు జిల్లాలో పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డ ఇళ్లు ఎన్నో. అమ్మానాన్నలు వెళ్లేటప్పుడు ఇంట్లో కుక్క సంగతేమిటన్నది ఆ ఇళ్లలో వచ్చే ప్రశ్న. జిల్లా తీరంలోని జువ్వలదిన్నె వైపు వాళ్లకు చెన్నై దగ్గర. అక్కడ కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రం (సరిహద్దు దాటే జంతువులను తనిఖీ చేసే ఆఫీసు) కుక్కను చూసి ఆరోగ్య ధ్రువపత్రం ఇస్తుంది. అయితే ఆ ఆఫీసు మెట్లెక్కేది చివర్లో. అసలు పని నెలల ముందే మొదలవ్వాలి.

కారణం రేబిస్. మన దేశాన్ని అమెరికా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల్లో లెక్కేస్తుంది. యూరప్, బ్రిటన్ కూడా మన కుక్కలను నేరుగా నమ్మవు. అందుకే ముందు చర్మం కింద మైక్రోచిప్ (15 అంకెల గుర్తింపు సంఖ్య ఉన్న చిన్న గొట్టం) వేయించాలి. టీకా ఆ తర్వాతే. ఈ వరుస తప్పితే, ఆ టీకా ఈ కుక్కకే పడిందని చూపడానికి ఆధారం ఉండదు. మళ్లీ మొదటికే.

టీకాకు కుక్క వయసు కనీసం 12 వారాలుండాలి. ఆపైన 30 రోజులు ఆగి రక్తం తీసి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపుతారు. అందులో యాంటీబాడీలు (రోగాన్ని ఎదిరించే ప్రోటీన్లు) మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు. యూరప్‌కైనా బ్రిటన్‌కైనా రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఫలితం బాగున్నా ఎందుకు ఆగాలి? టీకాకు ముందే ఏ వీధి కుక్కో కరిచి ఉంటే, వైరస్ ఒంట్లో నిశ్శబ్దంగా ఉండొచ్చు. అది బయటపడడానికి ఇచ్చే గడువే ఇది.

అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు మార్చింది. ఆరు నెలలు నిండని కుక్కను రానివ్వదు. మన దేశంలో టీకా వేయించుకున్న కుక్క అయితే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, అట్లాంటా వంటి కొన్ని విమానాశ్రయాల్లోనే దిగాలి. రక్తపరీక్ష ఫలితం లేకపోతే 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మనదే.

ఇక పరాన్నజీవులు. ఇక్కడ ఒక తిరకాసుంది. బ్రిటన్ ఒక బద్దెపురుగుకు మాత్రం మందు తప్పనిసరి చేసింది. అది చల్లటి ప్రాంతాల నక్కల్లో తిరిగే పురుగు, మన తీరపు సమస్య కాదు. అయినా బ్రిటన్‌లో దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు పశువైద్యుడు ప్రాజిక్వాంటెల్ వేసి, సమయం రాసి సంతకం చేయాలి. లెక్క విమానం దిగే సమయానికి, ఎక్కే సమయానికి కాదు. ఒక గంట అటూ ఇటూ అయినా చిక్కే.

మన దగ్గర నిజంగా ఉన్న పురుగుల గురించి మాత్రం కాగితాలు పెద్దగా అడగవు. నెల్లూరు గొర్రెలకు పేరు. గొర్రెల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులుగా పెరిగే మరో బద్దెపురుగు ఉంది. మాంసం కొట్టు దగ్గర పారేసిన ఆ ముక్కలు తిన్న కుక్కలో అది పెద్దదవుతుంది. సుమారు ఆరు వారాల్లో కుక్క మలంలో గుడ్లు పడతాయి. కుక్కకు ఏ బాధా ఉండదు. గుడ్లు నోట్లోకి పోయిన మనిషి కాలేయంలో తిత్తి ఊరుతుంది. కుక్కలోని ఈ పురుగుకూ అదే ప్రాజిక్వాంటెల్ పనిచేస్తుంది. అయితే ప్రయాణానికి ముందు ఒక్కసారి వేస్తే సరిపోదు. పచ్చి అవయవాలు తినే అలవాటున్న కుక్కకు ఆరు వారాలకోసారి వేయాలి, ఆ తిండీ మాన్పించాలి.

ఇసుకలో ఉండేది హుక్‌వార్మ్ (కొంకి పురుగు). కుక్క మలంలోని గుడ్లు తేమ ఇసుకలో పిల్లపురుగులై, మరో కుక్క పాదాల్లోంచి లోపలికి దూరి, పేగుకు కరుచుకుని రక్తం పీలుస్తాయి. వట్టి కాళ్లతో ఇసుకలో నడిచే మనుషుల చర్మంలోనూ దూరి, వంకర గీతల్లా దురద దద్దులు లేపుతాయి.

అన్నిటికంటే మొండివి పిడుదులు. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే. రక్తం తాగిన ఆడది కిందికి దిగి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకు మందు రాసి, అది పడుకునే చోటును వదిలేస్తే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిని అందాజాగా కుక్కకు పొడిపించడం మాత్రం వద్దు. కోలీ వంటి జాతులకు అది ప్రాణాంతకం కావచ్చు.

పిడుదు కాటుతో వచ్చే ఎర్లికియా అనే బ్యాక్టీరియా రక్తకణాల్లో నెలల తరబడి దాక్కుంటుంది. కుక్క చలాకీగానే ఉంటుంది. ఎప్పుడో ముక్కు నుంచి రక్తం, నీరసం. అందుకే రేబిస్ రక్తం తీసే రోజే ఎర్లికియా పరీక్షకూ రక్తం ఇవ్వడం మంచిది. జబ్బు ఉందని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. ఎలాగూ ఆగాల్సిన ఆ మూడు నెలల్లోనే ఆ కోర్సు పూర్తవుతుంది.