నీటికి రంగు ఎక్కడిది?

బెంగళూరు కబ్బన్ పార్కులో 1983లో ప్రభుత్వ మత్స్యాలయం ప్రారంభమైంది. అద్దాల వెనుక ఈదే చేపలు ఎందరినో ఆకర్షించాయి. నగరంలో ఇళ్లలోనూ గాజుతొట్టెలలో చేపలు పెంచేవారున్నారు.

వీరిలో కొందరు, నీటిలో చాలాకాలం నాని గట్టిపడిన కొయ్యను తొట్టెలో ఉంచుతారు. అది అందానికి మాత్రమే కాదు. చేపలు దాని చాటున దాగుతాయి. కొన్ని దానిపై పెరిగే పాచిని మేస్తాయి. అయితే కొద్దిరోజులకే నీరు తేనీటి రంగుకు మారుతుంది. మురికి చేరిందని భయపడి నీటినంతా పారబోసి, వెంటనే కుళాయి నీరు నింపితే చేపలకు ప్రాణాపాయం. క్లోరిన్, హఠాత్తుగా మారిన వేడిమి వాటిని చంపవచ్చు.

ఈ రంగుకు కారణం కొయ్యలోని టానిన్లు. తేయాకులోనూ, తోలు పదును చేయడానికి వాడే తంగేడు బెరడులోనూ టానిన్లు ఉన్నాయి. ఇవి నీటికి కొద్దిగా ఆమ్లగుణాన్నిస్తాయి. ప్రకృతిలోనూ ఇలాంటి నీరుంది. దక్షిణ అమెరికాలోని రియో నీగ్రో నది నీరు కుళ్లిన ఆకులు, కొమ్మల వల్ల నల్లగా కనిపిస్తుంది. అందులో వందలాది జాతుల చేపలు జీవిస్తున్నాయి.

రంగు తగ్గాలంటే కొయ్యను ముందుగా కడిగి, మరిగించి, నీరు మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టాలి. తరువాత వారానికొకసారి తొట్టెలో నాలుగోవంతు నీటిని మాత్రమే మార్చాలి. కొత్తనీటిని క్లోరిన్ పోయిన తరువాతనే పోయాలి. వడపోతలో ఉత్తేజిత బొగ్గు ఉంచితే రంగు విరుగుతుంది. నీరు తెల్లగా కలకబారి దుర్వాసన వేస్తే మాత్రం కారణం వేరు. మిగిలిన మేత కుళ్లుతున్నదేమో చూడాలి.

రంగు మారిన నీరంతా మురికినీరు కాదు. కారణం తెలుసుకొన్న తరువాతనే ఉపాయం వెదకాలి.