కింది అంకె కూడా చదవాలి

తాడేపల్లిలో మణిపాల్‌ ఉంది, పక్కనే మంగళగిరిలో ఎయిమ్స్‌ ఉంది. పెద్దపేగు క్యాన్సర్‌ ఆపరేషనంటే గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి ఇటు రావడం ఇప్పుడు మామూలే. ఆపరేషన్‌ అయిన కొద్దిరోజులకు పాథాలజీ రిపోర్టు చేతికొస్తుంది. రెండు మూడు పేజీల ఇంగ్లిషు చూసి కంగారుపడకండి. అందులో 3/18 లాంటి లెక్క ఒకటి వెతకండి. తీసిన శోషరస గ్రంథులు 18, వాటిలో క్యాన్సర్‌ కనబడినవి 3 అని దానర్థం. అందరి కళ్లూ పై అంకె మీదే పడతాయి. ముందు కింది అంకె చూడండి.

కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, ఆ బిళ్లే శోషరస గ్రంథి. పేగును అంటిపెట్టుకున్న కొవ్వు పొరలోనూ ఇలాంటివి చాలా ఉంటాయి. కణితి నుంచి విడిపోయిన కణాలు తరచూ ముందు చిక్కేది వీటిలోనే. అందుకే సర్జన్‌ గడ్డ ఒక్కటే తీసి ఊరుకోరు. అటూ ఇటూ కనీసం 5 సెంటీమీటర్ల మంచి పేగు, దానికి రక్తం తెచ్చే నాళం, ఆ కొవ్వు పొర, అన్నీ ఒకే ముక్కగా తీస్తారు. ఇంత చిన్న గడ్డకి అంత పేగు కోయాలా అంటారా? పెద్దపేగు మొత్తం సుమారు అయిదడుగులు. అడుగు పోయినా మిగతాది సర్దుకుంటుంది.

ఆ ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, కొవ్వును పలచగా కోస్తూ, వేళ్లతో తడిమి పాథాలజిస్టు గ్రంథులు ఏరతారు. విసుగు పుట్టించే పని అది. క్యాన్సర్‌ దాగిన గ్రంథులు చాలాసార్లు 5 మిల్లీమీటర్లు కూడా ఉండవు, అంటే ఇంచుమించు మిరప గింజంత. స్కాన్‌లో ఏమీ లేదన్నారన్న భరోసా ఇక్కడ చాలదు. కనీసం 12 గ్రంథులు చూడాలన్నది ప్రపంచమంతా పాటించే ప్రమాణం. 0/18 అంటే ఊపిరి పీల్చుకోవచ్చు. 0/6 అంటే మాత్రం లేదని తేలినట్టు కాదు, వెతకడం చాలలేదేమోనన్న మాట. ముక్కను మళ్లీ ఒకసారి చూస్తారా అని అడగండి. అడగడంలో తప్పేం లేదు.

ఇన్ని గ్రంథులు తీసేస్తే ఒంట్లో రోగనిరోధక శక్తి పోదా? పోదు. ఒళ్లంతా కలిపి ఇవి వందల్లో ఉంటాయి. రొమ్ము ఆపరేషన్‌ తర్వాత కొందరికి చెయ్యి వాచినట్టు దీనితో కాళ్లూ చేతులూ వాయవు. కత్తి పెడితే క్యాన్సర్‌ పాకుతుందన్న మాట మన ఊళ్లలో ఇంకా వినబడుతోంది. అది నమ్మి ఆపరేషన్‌ వాయిదా వేసుకోవడమే అసలు ప్రమాదం.

ఇప్పుడు పై అంకె. ఒక్క గ్రంథిలో కనబడినా అది మూడో దశ. కాలేయానికో ఊపిరితిత్తులకో పాకితే నాలుగు. ఈ రెండూ ఒకటి కావు. 1 నుంచి 3 గ్రంథులైతే ఒక మెట్టు, 4 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంకాస్త బరువైన మెట్టు. మూడో దశవాళ్లు పదిమంది ఉంటే, ఉరామరిగా అయిదుగురికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. కీమో ఇంకో ఇద్దరిని గట్టెక్కిస్తుంది. ఆ ఇద్దరెవరో ముందే తెలియదు గనుక పదిమందికీ ఇస్తారు. మిగతా ముగ్గురిలో జబ్బు తిరగబెడుతుంది కాబట్టే చికిత్స అయ్యాక కూడా ఏళ్లపాటు పరీక్షలకు రమ్మంటారు.

ఆరునెలలు కీమో తప్పదా? గ్రంథులు 3కి మించక, కణితి పేగు గోడ దాటి మరీ లోతుకు పోకపోతే చాలామందికి మూడు నెలలు సరిపోవచ్చని, సుమారు 12,800 మంది వివరాలు కలిపి చూసి 2018లో తేల్చారు. తేడా చేతివేళ్లలో తెలుస్తుంది. ఆక్సాలిప్లాటిన్‌ అనే మందు వల్ల చెప్పుకోదగ్గ తిమ్మిరి ఆరునెలలు వాడినవాళ్లలో నూటికి 45 మందికి పైమాటే, మూడు నెలలవాళ్లలో 15 మంది చుట్టుపక్కల. మిరపకాయలు కోసి, తొడిమలు తీసి బతికే మనిషికి అది చిన్న తేడా కాదు. డాక్టరుతో ఆ పని సంగతి ముందే చెప్పండి.