తెల్ల వైన్‌కు పులుపే ప్రాణం

చింతపండుకూ ద్రాక్షకూ చుట్టరికం ఉంది. రెండింటి పులుపులోనూ పెద్ద పాలు టార్టారిక్ ఆమ్లానిదే. ఈ ఆమ్లం ఇంత దండిగా ఉండే పండ్లు చాలా తక్కువ. పులుసు రుచి మరిగిన నాలుకకు తీపి లేని తెల్ల వైన్ అంత పరాయిదేమీ కాదు.

★

బాగా చల్లబడిన తెల్ల వైన్ సీసా అడుగున ఒక్కోసారి తెల్లటి పలుకులు పేరుకుంటాయి. గాజు పెంకులేమోనని కంగారు పడేవాళ్లున్నారు. అవి టార్టారిక్ ఆమ్లపు లవణాలే, ఏ హానీ లేదు. ఈ జాతి స్ఫటికాలనే 1848లో లూయీ పాశ్చర్ ఓపిగ్గా ఒక్కొక్కటీ ఏరి, అద్దంలో ప్రతిబింబాల్లా ఉన్న రెండు రకాలుగా వేరు చేశాడు. అణువులకూ కుడి ఎడమలుంటాయన్న ఆలోచనకు అదే పునాది.

★

పులుపు ఉందో లేదో తెలుసుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. గుక్క మింగాక దవడల పక్కనుంచి నీళ్లు ఊరితే ఉన్నట్టే. తీపి సంగతి మాత్రం నాలుకను మోసం చేస్తుంది, పులుపు దాన్ని కప్పేస్తుంది. ఐరోపా నిబంధనలు కూడా దీన్ని లెక్కలోకి తీసుకున్నాయి. ‘డ్రై’ అనాలంటే లీటరుకు చక్కెర 4 గ్రాములు దాటకూడదు. పులుపు దానికి తగ్గట్టు ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు.

★

జర్మనీలోని మోజెల్ లోయ రీస్లింగ్ వైన్ కొనేటప్పుడు లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి. 8 శాతం అని ఉంటే ద్రాక్షలోని చక్కెర అంతా పులియలేదన్నమాట, వైన్ తియ్యగా ఉంటుంది. 12 దగ్గర ఉంటే తీపి దాదాపు లేనట్టే. ‘ట్రోకెన్’ (జర్మన్‌లో ‘డ్రై’) అని రాసి ఉంటే ఇక అనుమానమే లేదు. దుకాణంలో ఇంతకన్నా పనికొచ్చే చిట్కా మరొకటి లేదని నా నమ్మకం.

★

ద్రాక్ష పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ముఖ్యంగా మాలిక్ ఆమ్లాన్ని కాయ తన శ్వాసక్రియలో ఖర్చు చేసేస్తుంది. వేడి ఎక్కువైతే ఆ ఖర్చూ ఎక్కువే. అందుకే పుల్లని వైన్ కావాలంటే రాత్రిళ్లు చల్లబడే ఊళ్ల పేర్లు వెతకాలి.

ఆ చలికి రైతు కట్టే మూల్యం చూడాలంటే ఫ్రాన్స్‌లోని షాబ్లీకి వెళ్లాలి. అక్కడ పండేది షార్డొనే. ఏప్రిల్‌లో మొగ్గ విచ్చే వేళకు మంచు కాటేస్తుంది. అర్ధరాత్రి లేచి సాళ్ల మధ్య చిన్న చిన్న మంటలు పెడతారు. కొందరు మొగ్గల మీద నీళ్లే చల్లుతారు! నీరు గడ్డకట్టేటప్పుడు కొంత వేడిని వదులుతుంది. చల్లుతున్నంత సేపూ మంచు పొర లోపల మొగ్గ సున్నా డిగ్రీల దగ్గరే నిలిచి బతుకుతుంది. తెల్లవారాక తోటంతా గాజు తొడుగు వేసుకున్నట్టుంటుంది.

★

అయితే చలి ఒక్కటే దారి కాదు. గ్రీస్‌లోని శాంటొరినీ ఎండలు మండే అగ్నిపర్వత ద్వీపం. అక్కడి అసీర్తికో ద్రాక్ష మాత్రం బాగా పండాక కూడా పులుపు వదలదు, దాని స్వభావమే అంత. గాలి జోరుకు పందిళ్లు నిలవవు కాబట్టి తీగను నేలమీదే బుట్టలా చుట్టుకుంటూ పెంచుతారు. గుత్తులు ఆ బుట్ట లోపల దాక్కుని పెరుగుతాయి. వానలు తక్కువ, రాత్రి సముద్రపు తేమే పెద్ద ఆసరా. ప్రపంచంలో ఇంతకన్నా మొండి తీగ నాకు తెలియదు.

★

మన దేశంలో నాసిక్ రైతులది మరో ఉపాయం. ఏడాదికి రెండు కత్తిరింపులు చేసి, చలికాలపు చల్లని రాత్రుల్లో కాయ ముదిరేలా చూస్తారు. ఐరోపాలో ఆగస్టు, అక్టోబరు మధ్య జరిగే కోత అక్కడ సుమారు జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. సోవిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ రెండూ పండిస్తారు. పులుపు కోరేవారు మొదటిదాన్ని ఎంచుకోవడం మేలు.

★

ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణంలో 1354 నుంచి 2018 దాకా ద్రాక్ష కోత ఎప్పుడు మొదలైందో చరిత్రకారులు వరుసగా కూర్చారు. 1988 తర్వాత కోత సగటున 13 రోజులు ముందుకు జరిగింది. భూమి వేడెక్కుతోందనడానికి ఇంత పాత దస్తావేజు అరుదు. పులుపు నిలుపుకోవడం ఇక ముందు తోటమాలికి కష్టమే.

★

తిండి పుల్లగా ఉండి వైన్‌లో పులుపు లేకపోతే వైన్ చప్పబడిపోతుంది. చేపల పులుసు పక్కన నిలవాలంటే దానికీ పులుపు ఉండాలి. ఆల్కహాల్ తక్కువైతే ఇంకా మంచిది, ఎక్కువైతే కారం మంటను ఎగదోస్తుంది.

★

లువార్ నది సముద్రంలో కలిసే చోట పండే మస్కడే వైన్‌కి పేరు పెద్దగా లేదు, ధరా ఎక్కువ కాదు. ఈస్ట్ మడ్డి మీదే చలికాలమంతా ఉంచిన రకం మరీ బాగుంటుంది. ఇలాంటి వైన్లలో చాలావాటికి తాజాదనమే అందం. కాబట్టి కొట్టులో పాత సీసా అడగకండి. కొత్త పంట ఏడాది ఉన్నదే తీసుకోండి, తెచ్చిన కొద్ది నెలల్లోనే తెరిచేయండి.