జ్వరమునకు కారణము తెలిసిన విధము

గ్రామమున జ్వరములు ప్రబలినపుడు కారణమును గూర్చి పలువురు పలు విధముల చెప్పుదురు. ఒకరు గాలి మంచిది కాదందురు. ఒకరు నీరు పడలేదందురు. మరియొకరు గ్రామదేవతకు కోపము వచ్చినదందురు. పంచాయతీ సభ్యులు ఎవరి మాటను నమ్మి నిధులు వెచ్చింపవలెను? నిజము తేల్చుకొను పద్ధతి తెలియనిచో ధనము వ్యర్థమగును; ప్రాణములకును ముప్పు వాటిల్లును.

మన పూర్వులు జ్ఞానమునకు ముఖ్యముగా మూడు మార్గములను చెప్పిరి. కన్నులార చూచుట ప్రత్యక్షము. పొగను చూచి నిప్పు కలదని గ్రహించుట అనుమానము. తెలిసినవారి మాటను గైకొనుట ఆప్తవాక్యము. శాస్త్రమునకును ఇవి అవసరమే. అయితే ఎంతటివారి మాటనైనను పరీక్షకు నిలుపుట శాస్త్రపద్ధతి.

హైదరాబాదు నల్లకుంటలోని ఫీవరు ఆసుపత్రి సర్ రొనాల్డ్ రాస్ పేరును ధరించియున్నది. ఆయన చరిత్రయే ఇందుకు మంచి ఉదాహరణము. చిత్తడి నేలల చెడుగాలి వలన మలేరియా వచ్చునని పూర్వము ఐరోపావారు నమ్మెడివారు. మలేరియా యను మాటకు ఇటాలియను భాషలో అర్థమే ‘చెడుగాలి’. చిత్తడి నేలల చెంత జ్వరములు హెచ్చుట నిజమే; వారు చెప్పిన కారణమే తప్పు.

1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తమునందు సూక్ష్మజీవిని చూచెను. అది దోమలో పెరుగునని మాన్సన్ అను వైద్యుడు ఊహించెను. దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన తలంపు.

సైనిక వైద్యుడగు రాస్ ఈ ఊహను పరీక్షింప బూనెను. రోగిని కుట్టిన దోమలను కోసి సూక్ష్మదర్శినితో వెదకెను. రెండేండ్లు శ్రమించినను ఫలితము కానరాలేదు. ఏలయన, ఆయన చూచినవి వేరు జాతి దోమలు. తుదకు 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో, మచ్చల రెక్కల దోమ జీర్ణాశయపు గోడలో ఆ సూక్ష్మజీవి జాడ కనబడెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరిశోధించి, మలేరియా దోమకాటు ద్వారా వ్యాపించునని నిరూపించెను. మానవుల విషయమును ఇటలీ శాస్త్రజ్ఞులు ఆ యేడే ధ్రువపరచిరి. మాన్సన్ ఊహలో దోమ మాట నిలిచినది. త్రాగునీటి మాట తొలగినది. 1902లో రాస్‌కు నోబెలు బహుమానము లభించెను.

కనుక శాస్త్ర సిద్ధాంతమనగా ఉబుసుపోక చెప్పిన మాట కాదు. అది పరీక్షలకు నిలిచినది. కొత్త సాక్ష్యము లభించినపుడు సవరణకు లోబడునది. మనము చేయవలసిన పనిని చూపునది. మలేరియా దోమ నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు రెక్కల దోమ యగుటకు వారమునకు పైగా పట్టును. కావున వారమున కొకసారి తొట్లను ఖాళీచేసి తోమినచో, గుంటలను పూడ్చినచో దోమల సంతతి తెగిపోవును.

అన్ని జ్వరములును మలేరియా కావు. రక్తపరీక్షయే దానిని తేల్చును. సభ్యులు వీధివారీగా జ్వరపీడితుల సంఖ్యను వ్రాసియుంచి, పనులు జరిగిన పిమ్మట మరల లెక్కించి చూడవలెను. సంఖ్య తగ్గనిచో కారణమును మరల వెదకవలెను. రాస్ అవలంబించిన మార్గమును ఇదియే. ఇందుకు పలకయు బలపమును చాలును.